వీపు దులిపే చెయ్యి

మొన్న ఐతారం పొద్దున మా మనుమరాలు శ్రావణి గుమ్మంలోనుంచే, "తాతా, మీ చిన్నబాపు దొరికిండు. అంగీ ఏసుకో, పోదాం" అన్నది. నేను అప్పుడే తానం చేసి తువ్వాలతో తల తుడుచుకుంటున్నాను. మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు కొమురయ్య పహిల్వాన్, ఈ పిల్ల పుట్టక ముందే పోయాడు. పోయిన మనిషి దొరకడమేందని వేరేవాళ్లయితే అడిగేవారు. నేను అడగలేదు. తువ్వాల తాడు మీద వేసి అంగీ తొడుక్కున్నాను.

సంగతేమంటే, ఒకప్పుడు హన్మకొండలో ఒక వీడియో గేముల దుకాణంలో, బిళ్ల వేస్తే ఆడే మిషన్ లోపల, నేను మా చిన్నబాపును చూశాను. ఆయనను అంటే ఆయన బొమ్మను. ఆ మాట ఇంట్లో చెప్పిననాటి నుంచి నన్ను చూసి నవ్వనివాళ్లు లేరు. మా పెద్దోడు రమేశ్, ఈ శ్రావణి తండ్రే, పెండ్లిళ్లలో చుట్టాలకు నన్ను చూపించి "మా నాయినకు వాళ్ల చిన్నబాపు గేములల్ల కనపడ్తడు" అని ఎక్కిరిస్తాడు. నేను ఏడో తరగతితో బడి విడిచినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా లైబ్రరీ బల్ల మీద, కాజీపేట లోకోషెడ్డులో డ్యూటీల నడుమ, నా అంతట నేను చదువుకున్నదే. బడి చదువు లేనివాని మాట ఎట్లాగూ చెల్లదు. చెల్లకపోతే పోనీ, చూసినదాన్ని చూడలేదని ఎట్లా అనాలె?

శ్రావణి ఒక్కతే నవ్వలేదు. మడికొండలో కంప్యూటర్ల ఆఫీసులో పని చేస్తుంది. పాతకాలం మిషన్ గేములంటే దానికి పిచ్చి. ఎవరూ ఆడని ఆటలను వెతికి వెతికి పట్టుకొచ్చి ఆడుతుంది. కిందటిసారి వచ్చినప్పుడు అదే నాకు చెప్పింది.

"నువ్వనేది కానిదేం కాదు తాతా. గప్పటి గేములల్ల కుస్తీ బొమ్మలు ఉత్తగ పుట్టలే. నిజం పహిల్వాన్లను చూసుకుంటనే గీసిండ్రు. ఒకని జుట్టు, ఇంకొకని మీసం, ఇంకొకని పట్టు. పేరొక్కటి మార్చిండ్రు."

"పేరెందుకు మార్చుడు?"

"ఉన్న పేరు పెడితే ఆ మనిషి వచ్చి అడుగుతడు గద."

"అంటే మనిషి ఒళ్లు ఎత్తుకపోవచ్చు. పేరు మాత్రం అడ్డమొచ్చిందా?"

"నా మీద ఒర్లుతవేంది? నేను గీసిన్నా?"

ఒర్లాను, నిజమే. ఇప్పుడు కూడా ఒర్లుతాను. ఎందుకు ఒర్లుతానో తెలియాలంటే మా చిన్నబాపు ఎట్లాంటి మనిషో చెప్పాలె.

మాది మట్టెవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. ముందరి అర్రలో రెండు మగ్గాలు, వాటి గుంటల్లో కాళ్లు పెట్టుకుని ఒకవైపు బాపు, ఒకవైపు చిన్నబాపు. రంగులద్దిన నూలు ఎండుతున్న వాసన ఏడాది పొడుగునా ఇంట్లో ఉండేది. వానకాలంలో అయితే అన్నంలో కూడా అదే వాసన. ఆ వాసన మీద తెల్లవారుజామున ఇంకో వాసన వచ్చి కూర్చునేది. చిన్నబాపు పెండ్లాం, మా చిన్నవ్వ లచ్చవ్వ, నానబెట్టిన బాదాములు పొట్టు తీసి రోట్లో నూరేది. పాలు కాగుతుండేవి. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి ఇత్తడి గిన్నెలో పొయ్యి పక్కన పెట్టేది. ఆ బాదాముల గిన్నె దిక్కు మేము చూస్తే చాలు, "ఏయ్, గది మనుషులు తినేది కాదు, పహిల్వాన్లు తినేది" అని కసిరేది. కసిరి, ఆయన తాగినాక గిన్నె అడుగున మిగిలింది నీళ్లతో కడిగి మాకే పోసేది. ఆయన లంగోటిని ఒక్కదాన్నే వేరేగా పిండి పెంకుల మీద ఆరవేసేది. దాన్ని ఇంకొకరు ముట్టొద్దు. ముట్టితే ఏమైతదో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరమూ ముట్టలేదు.

చిన్నబాపు చెవులు రెండూ నలిగి నలిగి ఎండిన అంజీరల్లా ముడుచుకుపోయి ఉండేవి. మెడ అనేది ఉందో లేదో తెలిసేది కాదు. అంత మనిషి మగ్గం గుంటలో కూర్చుని, తెగిన పోగును రెండు వేళ్లతో పట్టి ముడి వేస్తుంటే ఆడవాళ్లకు కూడా అంత నాజూకు రాదనిపించేది. మాట తక్కువ. కోపం వస్తే మీసం నమిలేవాడు. ఇప్పుడు హన్మకొండలో గల్లీకొక జిమ్ము. గోడ నిండా అద్దాలు. పోరగాళ్లు బరువు ఎత్తినప్పుడల్లా అద్దంలో చూసుకుంటారు. మా తాలీంలో అద్దం లేదు. మీసం దువ్వుకోవాలంటే కూడా ఇంటికి రావాల్సిందే.

తాలీం అంటే కుస్తీ నేర్చుకునే చోటు. మా గల్లీ చివర రేకుల కప్పు, దాని కింద గోదా. గోదాలో ఎర్రమట్టిని జల్లెడ పట్టి, మజ్జిగ, నువ్వుల నూనె, పసుపు కలిపి, వేపాకు నలిచి వేసి తొక్కేవాళ్లం. ఆ మట్టి వాసన ఇంతవరకు నాకు ఇంకెక్కడా తగలలేదు. హిందువులు, తురకలు, మిల్లుకు పోయేవాళ్లు, మగ్గం వాళ్లు అందరూ ఆ మట్టిలోనే దొర్లేవారు. కుస్తీలో లెక్క ఒక్కటే. ఎవని వీపు మట్టికి తాకితే వాడు ఓడినట్టు. అందుకని ఓడినవాని వీపు నిండా ఎర్రమట్టి అంటుకుని ఉంటుంది. మా తాలీంలో ఒక పద్ధతి ఉండేది. గెలిచినవాడు చేతులు పైకెత్తి ఎగరొద్దు. ముందు కూర్చుని, ఓడినవాణ్ణి బోర్లా తిప్పి, వాని వీపు మట్టి తన చేత్తో దులపాలె. దులిపినాకనే లేవాలె.

ఎందుకని నేను ఒకసారి అడిగాను. చిన్నబాపు మీసం నమిలి, "వీపు మట్టి వానికి కనపడదిరా రాజిగా. గల్లీకి కనపడ్తది. ఇంటికి పోయేదాకా అందరు చూస్తరు" అన్నాడు. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ చెప్పలేదు.

అందరూ దులిపేవారు కానీ ఆయన దులుపుడు వేరు. ఎడమచెయ్యి ఓడినవాని నుదురు కింద పెట్టేవాడు, బోర్లా తిప్పితే ముక్కులోకి మట్టి పోతుందని. కుడిచేత్తో మెడ నుంచి నడుము దాకా ఒక్కటే లాగుడు. నాకు ఆ చెయ్యి బాగా తెలుసు. నేను పుల్లలాంటి పోరణ్ణి, తాలీంలో ఎవరితో పట్టినా పడేవాణ్ణి. ఆయనతో అయితే పట్టకముందే పడేవాణ్ణి. మట్టిలో బోర్లా పడి, నుదుటి కింద ఆ చెయ్యి, వీపు మీద ఈ చెయ్యి. నూనె, చెమట, పసుపు కలిసిన వాసన. "లెవ్వు, ఇంటికి పో, మీ అవ్వ సద్ది పెడ్తది" అనేవాడు. ఓడిపోయాననే సంగతి గల్లీ మలుపు తిరిగే లోపలే మరిచిపోయేవాణ్ణి.

ఒక ఎండకాలం హన్మకొండ మైదానంలోకి ఫ్రీస్టైల్ కుస్తీ కంపెనీ దిగింది. చుట్టూ తాళ్లు కట్టిన గద్దె, పైన కాన్వాసు గుడ్డ, టిక్కెట్లు, బ్యాండు. దాంట్లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఒకరు మంచి పహిల్వాను, ఒకరు దుష్టుడు. వాళ్ల దుష్టునికి జ్వరమొచ్చి పండితే మేనేజరు మా తాలీంకు వచ్చాడు. చిన్నబాపును చూసి ఇంకెవరినీ చూడలేదు. చిరుతపులి మచ్చల గుడ్డ ఒకటి ఇచ్చి, గుండు గీయించి, కాగితాల మీద 'ఎడారి దయ్యం' అని అచ్చు వేయించాడు. మాట్లాడొద్దన్నాడు. నోరు తెరిస్తే ఎడారి కాదు మట్టెవాడ అని తెలిసిపోతుందని.

మా బాపుకు నచ్చలేదు. "దొంగ కుస్తీ పడతవారా?" అన్నాడు మగ్గం ఆపకుండానే.

"వాళ్లు పడుమన్నకాడ పడుత, ఏసెయ్యుమన్నకాడ ఏసేస్త. పట్టు మాత్రం నాదే గద అన్నా" అన్నాడు చిన్నబాపు.

దొంగ కుస్తీ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను ఒక్కసారి తీసుకుపోయి ఆ గద్దె మీద ఎత్తి పడేయాలె. ఓటమి ముందే అనుకున్నది కావచ్చు, చెక్క మాత్రం చెక్కే. మనిషంత ఎత్తు నుంచి మనిషి మీద పడి, వాని పక్కటెముక విరగకుండా, చూసేవాళ్లకు మాత్రం విరిగిందనిపించేటట్టు పడడం ఎంత విద్యో వాళ్లకేం తెలుసు? చిన్నబాపు సాయంత్రం ఇంటికొచ్చి చిన్నవ్వతో వీపుకు కాపడం పెట్టించుకుంటుంటే నేను చూశాను. రావి ఆకులంత నల్లటి మచ్చలు. అవి దొంగవి కావు.

మొదటి ఆట చూడడానికి మట్టెవాడంతా కదిలిపోయింది. ఎడారి దయ్యం గద్దె ఎక్కంగానే వెనక నుంచి ఎవడో "కొమురన్నా, జర మెల్లగ ఏసెయ్యే, పాపం పిల్లగాడు" అని అరిచాడు. మైదానం ఒక్కటే నవ్వు. మా చిన్నవ్వ పక్కావిడతో, "గా పులి గుడ్డ పిగిలితే నేనే కుట్టిన" అని గర్వంగా చెప్పుకుంటున్నది. ఆ రోజు దుష్టుడు గెలవాలె, మరునాడు ఓడాలె. అట్లాగని ఒప్పుకున్నారు. మంచి పహిల్వానును చిన్నబాపు భుజం మీదికెత్తి పడేశాడు. జనం తిట్లు, చెప్పులు. ఇప్పుడు దుష్టుడు వాని ఛాతీ మీద కాలు పెట్టి కోరలు చూపాలె. మేనేజరు నేర్పింది అదే.

మా చిన్నబాపు ఏం చేశాడంటే, కూర్చున్నాడు. వాణ్ణి బోర్లా తిప్పాడు. నుదుటి కింద ఎడమచెయ్యి పెట్టి, కుడిచేత్తో వీపు దులిపాడు.

కింద కాన్వాసు. మట్టి ఎక్కడిది? తెల్లగా మెరుస్తున్న వాని వీపు మీద లేని మట్టిని అంత పెద్ద మనిషి శ్రద్ధగా దులుపుతుంటే జనం తిట్లు ఆపి చూశారు. తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మేనేజరు తెర వెనక తల బాదుకున్నాడట. "దయ్యం దులుపుతదా ఎక్కడన్న?" అని అరిచాడట.

ఇంటికొచ్చినాక నేను అడిగాను. "చిన్నబాపూ, అక్కడ మట్టి లేదు గద."

ఆయన నిజంగానే ఆలోచించాడు. "లేదు. నాకు తెలుసు. చెయ్యికి తెల్వది" అన్నాడు.

మరునాటి నుంచి జనం దానికోసమే రావడం మొదలుపెట్టారు. మేనేజరు తెలివైనవాడు, తిట్టడం మానేసి దాన్నే కాగితాల మీద అచ్చు వేయించాడు. కంపెనీ కదిలిపోయేటప్పుడు చిన్నబాపును కూడా పట్టుకుపోయింది. కాజీపేట స్టేషన్లో బండి ఎక్కించడానికి మేమంతా పోయాం. చిన్నవ్వ బాదాముల డబ్బా కిటికీలోనుంచి ఇచ్చి, "తినకుంట ఎవలకన్న పెట్టేవు" అని మందలించింది. ఊరూరు తిరిగి, ఓడ ఎక్కి తూర్పు దేశాలకు కూడా పోయివచ్చాడు. ప్రతి ఊళ్లో దుష్టుడే. ప్రతిచోటా కొత్త పేరు, ఒకచోట కూడా తన పేరు లేదు. తిరిగి వచ్చినప్పుడు ఒక నల్ల గొడుగు, పాలు లేని చాయ తాగే అలవాటు వెంట తెచ్చాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, ఎప్పటిలాగే పోగులు ముడివేస్తూ, ఆ దేశాల ముచ్చట ఒక్కటే చెప్పేవాడు.

"అక్కడి పోరగాండ్లు నన్ను రోడ్డు మీద చూస్తే పారిపోకపోతుండిరి. ఒకని ఎనుక ఒకడు నిలబడి వీపులు దులుపుకుంట నవ్వుతుండిరి."

అది చెప్పి ఆయన కూడా నవ్వేవాడు. అంతే. మేడలు, బజార్లు, సముద్రం, ఏవీ చెప్పలేదు. కొన్నేండ్లకు గుండె ఆగి పోయాడు. తాలీం వాళ్లు గోదా మట్టి గుప్పెడు తెచ్చి పక్కన పోశారు. ఏ పేపరూ రాయలేదు. ఎందుకు రాస్తారు? ఎడారి దయ్యం పోయిందని రాయాలా, కొమురయ్య పోయాడని రాయాలా?

ఇక ఆ మిషన్ సంగతి. మా రమేశ్ ట్యూషన్ ఎగ్గొట్టి వీడియో గేముల దుకాణంలో ఉంటున్నాడని తెలిసి, చెవి పట్టి తెద్దామని పోయాను. చీకటి కొట్టం, బీడీ పొగ, టిక్కుటిక్కుమని చప్పుళ్లు, వాటి నడుమ మిషన్ పాట. వాడు ఒక మిషన్ ముందు నిలబడి ముక్కు చీదుతున్నాడు. చెవి పట్టుకోబోయి అద్దం దిక్కు చూశాను. లోపల గుండు, మీసం, పొట్ట, చిరుతపులి గుడ్డ. ఆ బొమ్మ మెల్లగా కూర్చుంది. కింద పడ్డవాణ్ణి బోర్లా తిప్పింది. నుదుటి కింద ఒక చెయ్యి. వీపు మీద ఇంకో చెయ్యి.

నేను రమేశ్ చెవి విడిచిపెట్టాను. "గీయిన మన కొమురయ్య తాతరా" అన్నాను. దుకాణంలోని పోరగాళ్లు పగలబడి నవ్వారు. వాడు ఏడుపు ఆపి, "కాదు నాయినా, వీడు ఓడగొట్టి మళ్ల ఎక్కిరిస్తుండు" అన్నాడు. చిన్నవ్వ అప్పటికి బతికే ఉంది. ఆమెకు చూపించాలని రెండు దినాల తర్వాత రిక్షాలో తీసుకుపోతే, ఆ మిషన్ తీసేసి కార్లు ఉరికేది పెట్టాడు దుకాణం వాడు. చిన్నవ్వ కార్లను చాలాసేపు చూసి, "ఏడిరా, ఏ కార్ల కూసున్నడు?" అని అడిగింది. ఆమె కూడా ఆ బొమ్మను చూడకుండానే కాలం చేసింది. ఇక సాక్ష్యం చెప్పేవాళ్లు లేరు. నవ్వేవాళ్లు మిగిలారు.

అందుకే మొన్న మడికొండలో శ్రావణి వాళ్ల అపార్ట్‌మెంటు మెట్లు ఒక్కొక్కటే మెల్లగా ఎక్కాను. అది లిఫ్టులో రమ్మన్నా వినలేదు. తొందరగా పోతే తొందరగా కాదని తేలుతుందేమోనని భయం. పెద్ద టీవీకి ఏవో తీగలు తగిలించింది. పాట మొదలైంది. బొమ్మ రాకముందే ఆ పాటను నేను గుర్తుపట్టాను. తర్వాత వరసగా పహిల్వాన్లు. చివరన గుండు, మీసం, పులి గుడ్డ. కింద ఏదో పేరు, నోరు తిరగనిది. దేశం పేరు కూడా ఉంది. నేను అట్లాసులు బాగానే చూసినవాణ్ణి. అది ఏ పటంలోనూ లేదు.

"గిదేనా తాతా?"

"గిదే. ఇగ ఆట ఆడు బిడ్డా."

శ్రావణి ఆట మంచిగా ఆడుతుంది. చూస్తుండగానే ఆ బొమ్మను ఎత్తి పడేసింది. గెలిచిన బొమ్మ చేతులెత్తి ఎగిరింది. మళ్లీ ఆడింది. మళ్లీ పడేసింది. నా కండ్ల ముందర మా చిన్నబాపు పడుతూనే ఉన్నాడు, పక్కన ఎవడో ఎగురుతూనే ఉన్నాడు.

"ఎక్కడ దులుపుతుండు తాతా? ఎన్నిసార్లు ఆడినా రాకపాయె."

ఇన్నేండ్లు అందరితో కొట్లాడింది దీనికోసమేనా? ఆ చీకటి కొట్టంలో నాకు కావలసింది నేనే చూసుకున్నానా? శ్రావణి నా మొఖం చూసి, "పోనీ తియ్ తాతా, చాయ పెడత" అని లేవబోయింది. అప్పుడు రమేశ్ ముక్కు చీదడం యాదికొచ్చింది.

"ఆగు బిడ్డా. ఆ రోజు మీ నాయిన ఏడుస్తుండె. ఎందుకేడుస్తడు? ఓడిపోయిండు. నువ్వు ఓడిపో."

"నేనా?"

"నువ్వే. పడు. ఆయినను గెలువనియ్యి."

పడదామని చూసింది. రాలేదు. ఆ బొమ్మ మీదికి రాంగానే శ్రావణి వేళ్లు వాటంతట అవే తప్పించేస్తున్నాయి. మూడు ఆటలు ఆడి, మూడూ గెలిచి, విసుక్కుంది. "నాకు ఓడుడు వస్తలేదు తాతా. చేతులు ఇంటలేవు."

నాకు నవ్వొచ్చింది. "నాకియ్యి. నాకు మంచిగొస్తది" అన్నాను.

ఆట ఆడించే ఆ కట్టెను ఎట్లా పట్టుకోవాలో కూడా నాకు తెలియదు. ఏ గుండీ నొక్కానో తెలియదు. నా బొమ్మ ఒకే చోట నిలబడి గాలిని తన్నుతుంటే, పులి గుడ్డ మనిషి వచ్చి, ఎత్తి, భుజం మీది నుంచి పడేశాడు. పాట ఆగింది. ఆయన కూర్చున్నాడు. నన్ను బోర్లా తిప్పాడు. ఎడమచెయ్యి నుదుటి కింద. కుడిచెయ్యి మెడ నుంచి నడుము దాకా. బొమ్మంటే ఏముంది, నాలుగు చుక్కలు అటు జరిగి ఇటు జరిగినయ్. అక్కడ కూడా మట్టి లేదు.

తర్వాత శ్రావణే మెల్లగా అన్నది. "తాతా, గా పోరగాండ్లు... రోడ్డు మీద వీపులు దులుపుకున్నోళ్లు... అండ్ల ఒకడు పెద్దగై గిది గీసిండేమో. పేరు తెల్వక పెట్టలేదేమో."

అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. నేను రుజువు చేయలేను. గీసినవాడు చెప్పుకోలేదు, చెప్పుకోవాల్సింది, ఆ కోపం నాకు తగ్గలేదు, తగ్గించుకోను కూడా. ఒళ్లు తీసుకున్నారు, మీసం తీసుకున్నారు, పులి గుడ్డ కూడా తీసుకున్నారు. కానీ దుష్టునికి కోరలు పెట్టకుండా, ఆ చెయ్యిని ఆ చెయ్యిగానే ఉంచారు. ఎవడో ఒకడు ఆయనను సరిగ్గా చూశాడు. ఇప్పుడు గెలిచినవాళ్లందరూ ఎగురుతున్నారు, ఆటల్లో, ఆఫీసుల్లో, ఎన్నికల్లో. ఓడినవాడు వీపు మట్టితో గల్లీలో నడుచుకుంటూ పోతున్నాడు. దులిపే మనిషి ఎక్కడున్నాడయ్యా అంటే, గెలిచేవాళ్లు ఎవరికీ కనపడని చోట ఉన్నాడు.

శ్రావణి ఫోను తీసి రమేశ్‌కు పట్టి, "నాయినా, జల్ది రా, తాత ముచ్చట నిజమే" అని చెప్పింది. వాడు ఏమన్నాడో నేను వినలేదు. మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ పడ్డాను. ఇంకోసారి పెట్టమన్నాను. అది చాయ తెచ్చి పక్కన పెట్టింది, చల్లారింది.

"తాతా, ఇగ చాలు. ఒక్కసారన్న గెలువరాదూ, గుండీ నేను చూపిస్త."

"గెలిస్తే ఆయిన కూసోడు బిడ్డా. పెట్టు."